జిమ్ మానేసి మళ్లీ మొదలుపెడితే: బరువెంత, తొందరెంత?

ఏళ్ల తరబడి వదిలేసిన బరువుల వ్యాయామాన్ని మళ్లీ అందుకోవాలనుకునే వాళ్ల ఉత్తరాలకు ఈసారి శీర్షిక మొత్తం ఇచ్చేశాం. చాలామంది అడిగింది ఒక్కటే: పోయిన కండ తిరిగొస్తుందా? వస్తుంది. మొదటిసారి పట్టినంత కాలం కూడా పట్టదు. మేము ఎక్కువగా రాయాల్సి వచ్చింది మాత్రం ఆ తొందరగా రావడం వల్ల వచ్చే చిక్కుల గురించే.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. నాలుగేళ్లు క్రమం తప్పకుండా జిమ్ చేశాను. పెళ్లి, పాప, ఉద్యోగం మారడం, ఇలా రెండేళ్లుగా బార్ ముట్టుకోలేదు. అప్పట్లో ఐదేసి రెప్స్‌కి (ఆపకుండా ఐదుసార్లు ఎత్తి దించడం) స్క్వాట్ 100 కిలోలు, బెంచ్ 75, డెడ్‌లిఫ్ట్ 130 చేసేవాణ్ని. దెబ్బలేమీ లేవు, బీపీ, షుగర్ లేవు. ఇప్పుడు ఎంత బరువుతో మొదలుపెట్టాలి? పాత లెక్కకి ఎన్నాళ్లకి చేరతాను?
(కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: సగంతో మొదలుపెట్టండి. స్క్వాట్ (భుజాల మీద బార్‌తో కూర్చుని లేవడం) 50, బెంచ్ (పడుకుని ఛాతీ మీంచి బార్ పైకి నెట్టడం) 37.5, డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బార్ ఎత్తడం) 65. మొదటి రోజు మరీ తేలిగ్గా, పక్కవాళ్లు చూస్తుంటే కాస్త నామోషీగా కూడా ఉంటుంది. ఉండనివ్వండి.

ప్లేట్లు ఎక్కించే ముందు బార్ బరువెంతో కనుక్కోండి. ఒలింపిక్ బార్ అయితే మామూలుగా 20 కిలోలు. మన కాలనీ జిమ్‌లలో చూడ్డానికి అలాగే ఉండే 10, 12, 15 కిలోల బార్‌లు కూడా ఉంటాయి. అడిగితే ట్రైనర్ కూడా ఒక్కోసారి అటూఇటూగా చెప్తాడు. తూకం మిషన్ మీద నిలబెట్టి చూడటం ఉత్తమం. 20 కిలోల బార్ మీద మీ బెంచ్ 37.5 కావాలంటే ఒక్కో వైపు 5, 2.5, 1.25 ప్లేట్లు పడతాయి. ఆ 1.25 ప్లేట్లు మీ జిమ్‌లో ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. లేకపోతే సొంతంగా ఒక జత కొనుక్కుని బ్యాగులో వేసుకోవడం మంచిది, ఎందుకో కిందకి వచ్చేసరికి తెలుస్తుంది.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. చెస్ట్ డే, బ్యాక్ డే అని విడగొట్టే పాత పద్ధతిని రెండు నెలలు పక్కన పెట్టండి. ఒకే పూట ఛాతీ మీద పన్నెండు సెట్లు పడితే ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న కండ నాలుగు రోజులు పనికి రాకుండా పోతుంది. అదే పనిని వారమంతా పంచితే ఒంటికి పట్టుతుంది. మొదటి రోజు స్క్వాట్, బెంచ్ ప్రెస్, డంబెల్ రో. రెండో రోజు డెడ్‌లిఫ్ట్, షోల్డర్ ప్రెస్, ల్యాట్ పుల్‌డౌన్. మూడో రోజు మళ్లీ మొదటి రోజుదే. వచ్చే వారం రెండో రోజుదానితో మొదలుపెట్టి అలా మార్చుకుంటూ పోవాలి. బైసెప్స్ కర్ల్స్ లేకుండా ఉండలేకపోతే చివర్లో రెండు సెట్లు, అంతే.

మొదటి రెండు వారాలు ఒక్కో వ్యాయామం రెండేసి సెట్లు, సెట్‌కి 8 రెప్స్. సెట్ దించేసరికి ఇంకో నాలుగైదు చేయగల సత్తా మిగిలి ఉండాలి. మూడో వారం నుంచి మూడు సెట్లు, రెండు మూడు రెప్స్ మిగిల్చుకుని ఆపండి. స్క్వాట్ లెక్క ఇలా నడపండి: మొదటి వారం 50, రెండో వారం 55, మూడో వారం 62.5, నాలుగో వారం 70. ఐదో వారం కూడా 70 దగ్గరే ఆగండి. అప్పటికి 80 కూడా లేస్తుంది, అయినా ఆగాలి. ఆరో వారం 75, అక్కణ్నుంచి వారానికి 2.5 కిలోలకి మించి కలపొద్దు. 80 దాటాక రెప్స్ 8 నుంచి 6కి, 90 దాటాక 5కి తగ్గించుకోవచ్చు. ఈ లెక్కన పన్నెండో వారానికి 90, పదహారో వారానికి 100. బెంచ్‌ది 37.5, 42.5, 47.5, 52.5, ఐదో వారం మళ్లీ 52.5, తర్వాత వారానికి 2.5. ఆ ఒక్కో వైపు 1.25 ప్లేట్ల అవసరం ఇక్కడే. అవి లేని జిమ్‌లో జనం ఒకేసారి 5 కిలోలు కలిపేసి భుజం నొప్పి తెచ్చుకుంటారు. డెడ్‌లిఫ్ట్ 65, 72.5, 80, 90, మళ్లీ 90, తర్వాత వారానికి ఐదు దాకా ఫర్వాలేదు. అది వారానికి రెండుసార్లు వచ్చినప్పుడు రెండోసారి ఒక్క సెట్ చాలు.

డెడ్‌లిఫ్ట్‌లో ఇంకొకటి. ప్లేట్లు చిన్న సైజువైతే బార్ నేలకు మరీ దగ్గరగా ఉండి, వంగేటప్పుడు నడుము గుండ్రంగా అయిపోతుంది. రెండు వైపులా కింద రెండేసి ప్లేట్లు పడుకోబెట్టి వాటి మీద పెట్టుకోండి. బార్ మీ మోకాలికీ చీలమండకీ మధ్యకు వస్తే సరిపోయినట్టు.

మధ్యలో జ్వరమో ఊరి ప్రయాణమో వచ్చి వారం పోతే క్రితంసారి బరువుతోనే మొదలుపెట్టండి. రెండు వారాలు పోతే రెండు మెట్లు కిందికి దిగండి. పోయిన రోజులను కూడగట్టి ఆదివారం చేసేయడం వద్దు.

ఎన్నాళ్లకి అన్నారు. పైన లెక్క ప్రకారం నాలుగు నెలలు, అదీ నిద్ర, తిండి సవ్యంగా ఉంటే. మానేసిన కాలం తక్కువైతే ఇంకా త్వరగా అవుతుంది. ఫిన్లాండ్‌లోని యువస్కులా విశ్వవిద్యాలయం వాళ్లు 2024లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు 20 వారాలు ఆపకుండా చేశారు, ఇంకొందరు 10 వారాలు చేసి, 10 వారాలు పూర్తిగా మానేసి, మళ్లీ 10 వారాలు చేశారు. చివరికి ఇద్దరి బలం, కండ దాదాపు ఒక్కటే. మధ్యలో మానేసిన వాళ్లు తిరిగి మొదలుపెట్టిన ఐదు వారాలకే పాత స్థాయిని అందుకున్నారు. మానేసినప్పుడు కండ తగ్గినంతగా బలం తగ్గలేదన్నది అందులో ఇంకో సంగతి.

దీనికి కారణాలు రెండు మూడు ఉన్నాయి. బరువెత్తడంలో సగం పని నరాలదే: ఏ కండ పీచు ఎప్పుడు బిగియాలో మెదడు ఒకసారి నేర్చుకుంటే సైకిల్ తొక్కడంలా అది పోదు. ఇక కండ. బరువులెత్తి పెంచిన కండ కణంలో కేంద్రకాల సంఖ్య పెరుగుతుంది. కండ చిక్కిపోయినా ఆ కేంద్రకాలు చాలాకాలం నిలిచే ఉంటాయని ఓస్లో పరిశోధకులు 2010లో ఎలుకల్లో చూపించారు. మనుషుల్లో ఇవి ఎంతవరకు నిలుస్తాయన్న దాని మీద వాదన నడుస్తూనే ఉంది. 2018లో బ్రిటన్ పరిశోధకులు మాత్రం మనుషుల కండలోని జన్యువుల మీద పాత వ్యాయామం వదిలిన రసాయన గుర్తులను చూపించారు. మొదటి రెండు మూడు వారాల్లో చొక్కా చేతులు బిగుతైతే అదంతా కొత్త కండ అనుకోవద్దు. అందులో ఎక్కువ భాగం కండలో మళ్లీ నిల్వ చేరే గ్లైకోజన్ అనే పిండిపదార్థం, దాన్ని పట్టుకుని ఉండే నీళ్లు. ఒక్క గ్రాము గ్లైకోజన్‌కి దాదాపు 3 గ్రాముల నీళ్లు చేరతాయి. అద్దంలో బాగుంటుంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరనుకోండి.

ప్రశ్న: ఏడాదిన్నర తర్వాత జిమ్‌కి వెళ్లాను. ఫ్రెండ్‌తో పోటీపడి తొలిరోజే బైసెప్స్ ఇరవై సెట్ల దాకా లాగేశాను. మూడు రోజులైంది, చేతులు చాచలేకపోతున్నాను, దువ్వెన తలదాకా వెళ్లడం లేదు. నొప్పి మాత్ర వేసుకుని రేపు వెళ్లొచ్చా?
(గాజువాక, విశాఖపట్నం)

జవాబు: ముందు మూత్రం రంగు చూడండి. టీ డికాక్షన్‌లానో, కోలాలానో ముదురు రంగులో వస్తుంటే, చేతులు వాచి గట్టిగా రాయిలా ఉంటే, మూత్రం తక్కువగా వస్తుంటే ఈ జవాబు చదవడం ఆపి ఇప్పుడే ఏదైనా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. "జిమ్‌లో ఎక్కువ చేశాను, మూత్రం నల్లగా వస్తోంది" అని ఆ మాటల్లోనే చెప్పండి. చితికిన కండలోంచి పదార్థాలు రక్తంలోకి చేరి కిడ్నీలను దెబ్బతీసే పరిస్థితి ఇది, రాబ్డోమయోలిసిస్ అంటారు. కండ ఎంత చితికిందో చెప్పే సీకే, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేసి సెలైన్ ఎక్కిస్తారు. తొలి రోజుల్లోనే పట్టుకుంటే మామూలుగా తగ్గిపోతుంది. జిమ్ కొత్తగా మొదలుపెట్టిన వాళ్లకంటే పాత సత్తా గుర్తున్న మీలాంటి వాళ్లకే దీని ప్రమాదం ఎక్కువ అంటాం మేము. కొత్తవాడు అలసిపోయి ఆగుతాడు. పాతవాడికి ఎలా లాగాలో తెలుసు, ఆగడు.

మూత్రం మామూలుగా ఉండి, చేతులు వాచకుండా ఉంటే ఇది చాలావరకు ఒళ్లు నొప్పే. రెండో మూడో రోజున తారస్థాయికి వెళ్లి వారంలోపు పోతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోకండి. కండ బాగా చితికినప్పుడు, ఒంట్లో నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు అవి కిడ్నీ మీద రెండో దెబ్బ. నీళ్లు బాగా తాగండి, చేతులను నొప్పి పుట్టని మేరకు కదుపుతూ ఉండండి, నడవండి. రేపు జిమ్ వద్దు. చేయి పూర్తిగా చాచగలిగే దాకా చేతుల వ్యాయామమే వద్దు.

ఇంతగా పట్టేయడానికి కారణం బరువు ఎత్తడం కాదు, దించడం. డంబెల్ కిందికి దిగేటప్పుడు కండ బిగిసి ఉండగానే సాగుతుంది, పీచులు చినిగేది అప్పుడే. ఇందులో మంచి విషయం కూడా ఒకటి ఉంది: తేలికైన రెండు సెట్లు చేసినా చాలు, అదే కండ తర్వాత కొంతకాలం ఇలాంటి దెబ్బను కాస్త మెరుగ్గా తట్టుకుంటుంది. పై జవాబులో మొదటి వారం రెండే సెట్లు రాసింది అందుకే.

ప్రశ్న: మూడేళ్ల తర్వాత మొదలుపెట్టాను. మొదటి నెల అద్భుతంగా సాగింది, బరువులు వారం వారం పెరిగాయి. పుల్‌అప్స్ మళ్లీ పది దాకా వచ్చాయి. ఐదో వారం నుంచి మోచేయి లోపలివైపు ఎముక దగ్గర నొప్పి. బకెట్ ఎత్తినా, తడిబట్ట పిండినా జివ్వుమంటోంది. పూర్తిగా మానేయమంటున్నారు ఇంట్లో. ఏం చేయాలి?
(కరీంనగర్)

జవాబు: ఐదో వారం అని మీరు రాయకపోయినా ఊహించేవాళ్లం. మళ్లీ మొదలుపెట్టిన వాళ్లకు మొదటి వారం పెద్ద గండం కాదు, అప్పుడు అందరూ భయభయంగానే చేస్తారు. నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్యలోనే దెబ్బ తగులుతుంది. కండను ఎముకకు కట్టిపెట్టే టెండన్‌కి రక్త ప్రసరణ తక్కువ, దాని మరమ్మతు నెలల లెక్క. కండ, నరాలు మాత్రం వారాల్లో పాత బలానికి దగ్గరవుతాయి. అంటే మీ చేతికి మీ ఒంటి బరువుని పదిసార్లు లాగే బలం వచ్చేసింది, ఆ బలాన్ని మోసే పట్టీ ఇంకా మూడేళ్ల సెలవులోనే ఉంది.

పూర్తిగా మానేస్తే నొప్పి తగ్గుతుంది, మళ్లీ మొదలుపెట్టగానే తిరగబెడుతుంది. విశ్రాంతితో టెండన్ గట్టిపడదు, కొలిచి వేసిన బరువుతోనే గట్టిపడుతుంది. ఇలా చేయండి.

పుల్‌అప్స్, బార్‌తో కర్ల్స్ మూడు వారాలు ఆపండి. లాగే వ్యాయామాలన్నీ అరచేతులు ఎదురెదురుగా ఉండే పట్టుతో, సగం బరువుతో చేయండి. పిడికిలి ప్రాణం పోయేలా బిగించకండి, నొప్పి పుట్టేది ఆ పట్టు దగ్గరే. స్క్వాట్, లెగ్ ప్రెస్ లాంటివి మామూలుగా సాగించుకోవచ్చు.

రోజు విడిచి రోజు మోచేతికి ఈ పని: బల్ల మీద ముంజేయి పెట్టి, అరచేయి పైకి ఉంచి, మణికట్టు అంచు దాటి ఉండేలా కూర్చోండి. 3 కిలోల డంబెల్‌ని మణికట్టు తిన్నగా ఉంచి 40 సెకన్లు కదపకుండా పట్టుకోండి, నిమిషం ఆగి మళ్లీ. ఐదుసార్లు. వారం పదిరోజులకి నొప్పి నెమ్మదిస్తే కదలిక కలపండి: రెండో చేత్తో డంబెల్‌ని పైకి తెచ్చి, నొప్పి ఉన్న చేత్తో నాలుగు లెక్కపెడుతూ కిందికి దించాలి, 15 చొప్పున మూడు సెట్లు. రెండు వారాలకోసారి అర కిలో కలపండి. అర కిలో ప్లేట్ దొరక్కపోతే డంబెల్‌కి అరలీటరు నీళ్ల సీసా కట్టినా పని జరుగుతుంది.

నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులేసుకోండి. చేసేటప్పుడు మూడు దాటకుండా, మర్నాటికి మామూలు స్థాయికి దిగిపోతే మీరు సరైన దారిలో ఉన్నట్టే. మర్నాడు పొద్దున బ్రష్ పట్టుకుంటే నిన్నటికంటే ఎక్కువ జివ్వుమంటే బరువు ఎక్కువైంది, కిలో తగ్గించండి. మొత్తం మీద ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పుల్‌అప్స్‌ని మూడు రెప్స్ చొప్పున తిరిగి ప్రవేశపెట్టండి.

స్టెరాయిడ్ సూది వేయించుకుంటే పది రోజుల్లో తగ్గుతుందని ఎవరో ఒకరు చెప్తారు. తగ్గుతుంది కూడా. కానీ మోచేయి బయటివైపు నొప్పి మీద జరిగిన పరీక్షల్లో సూది వేయించుకున్న వాళ్లకి కొన్ని వారాలు హాయిగా ఉండి, ఏడాది తిరిగేసరికి వేయించుకోని వాళ్లకంటే ఎక్కువమందికి నొప్పి తిరగబెట్టింది. ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం అది టెండన్ కాదు, మోచేతి దగ్గర నరం నలగడం కావచ్చు. ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: అమీర్‌పేటలో పీజీలో ఉంటాను. బరువు 64 కిలోలు. గుడ్డు కూడా తినను. పోయిన కండ రావాలంటే పౌడర్ తప్పదని జిమ్‌లో అంటున్నారు, కొనే స్తోమత లేదు. పీజీలో ఉప్మా, అన్నం, పప్పుచారు, పెరుగు, అంతే. ఎలా?
(ఒక పాఠకుడు)

జవాబు: పౌడర్ లేకుండా అవుతుంది, పప్పుచారుతో మాత్రం కాదు. అందులో పప్పు ఎంతో, నీళ్లెంతో మీకే బాగా తెలుసు.

కూర్చుని పనిచేసే మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు. బరువులెత్తి కండ తెచ్చుకునేవాళ్లకి 1.6 గ్రాముల దాకా లాభం కనిపిస్తుంది. మీకైతే రోజుకి 100 గ్రాములు. పీజీ తిండిలో 45, 50 వస్తుందనుకుందాం. మిగతా 50 మీరు చేర్చుకోవాలి.

అరలీటరు పాలు, 16 గ్రాములు. మీల్‌మేకర్, అంటే సోయా చంక్స్, ఎండువి 50 గ్రాములు తీసుకుంటే 26 గ్రాములు. శనగలు 50 గ్రాములు నానబెట్టి తింటే 10. లెక్క సరిపోయింది. పీజీలో కరెంట్ కెటిల్ ఉంటే చాలు: మీల్‌మేకర్‌ని మరిగే ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉంచి, గట్టిగా రెండుసార్లు పిండేయండి. ఆ పచ్చి వాసన పిండిన నీళ్లతోనే పోతుంది. ఉల్లిపాయ, నిమ్మరసం, కారం కలిపితే తినేలా ఉంటుంది. ఒకేసారి మొదలుపెడితే కడుపు ఉబ్బరిస్తుంది కాబట్టి మొదటి వారం 25 గ్రాములతో సరిపెట్టుకోండి. నానిన శనగల్ని పచ్చిగా తినలేకపోతే ఆ కెటిల్లోనే ఉడికించుకోవచ్చు, కాస్త ఓపిక కావాలి. బయట టిఫిన్ చేసే రోజు ఇడ్లీకి బదులు పెసరట్టు చెప్పండి. చేతిలో డబ్బులున్న నెల 100 గ్రాముల పనీర్ 18 గ్రాములిస్తుంది. వేరుశనగపప్పు 30 గ్రాములు, అంటే ఒక గుప్పెడు, 7 గ్రాములు, కానీ నూనె ఎక్కువ, పొట్ట తగ్గించుకోవాలనుకుంటే గుప్పెడు దగ్గరే ఆగాలి.

మూడు నాలుగు పూటలకు సర్దుకోండి. రాత్రి ఒక్కపూటే 80 గ్రాములు లాగిస్తే అంత లాభం ఉండదు. కిడ్నీ జబ్బున్న వాళ్లకి ఈ లెక్కలు వర్తించవు, వాళ్లు డాక్టరు చెప్పినంతే తినాలి.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. వయసులో తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసిన మనిషి. న్యుమోనియాతో మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి వచ్చారు. తొడలు బాగా చిక్కిపోయాయి, కుర్చీలోంచి చేతులు ఊతం పెట్టుకోకుండా లేవలేకపోతున్నారు. నడవడానికి డాక్టరు ఒప్పుకున్నారు. "రేపట్నుంచి బస్కీలు తీస్తా" అంటున్నారు. తీయనివ్వచ్చా?
(గుంటూరు)

జవాబు: బస్కీలు తీయనివ్వకండి, కానీ ఆ ఉత్సాహాన్ని ఆపకండి. మంచం మీద పెద్దవాళ్ల కండ పోయే వేగం వేరు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్ని పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే కాళ్లలోనే దాదాపు కిలో కండ కరిగింది. జబ్బు, జ్వరం తోడైతే ఇంకా ఎక్కువ. తిరిగి రావడానికీ కుర్రవాళ్లకంటే ఎక్కువ సమయం పడుతుంది.

ఆయన బస్కీ ఇప్పుడు కుర్చీ నుంచి లేవడమే. చేతులున్న గట్టి కుర్చీని గోడకి ఆనించి వేయండి, ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. కూర్చునే చోట మడతపెట్టిన దుప్పటి వేసి ఎత్తు పెంచండి, చేతులు వాడకుండా లేవగలిగేంత ఎత్తు. మీరు పక్కన నిలబడాలి. ఐదుసార్లు లేచి, కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు లెక్కపెడుతూ దిగాలి. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. రెండు పూటలా పదేసి తేలిగ్గా వస్తే దుప్పటి ఒక మడత తగ్గించండి. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం పదిసార్లు. లీటరు నీళ్ల సీసాలు రెండు, కిలో చొప్పున, కూర్చునే భుజాల పైకి ఎత్తి దించడం ఎనిమిదిసార్లు. ఊపిరి బిగపట్టొద్దు, ఎత్తేటప్పుడు అంకెలు పైకి లెక్కపెట్టమనండి. లెక్కపెడుతుంటే ఊపిరి బిగుసుకోదు, బీపీ ఒక్కసారిగా లేవదు.

రెండు వారాలకోసారి గడియారం పెట్టి చూడండి: మామూలు ఎత్తు కుర్చీలోంచి చేతులు ఛాతీకి కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 15 సెకన్లు దాటుతుంటే కాళ్ల బలం ఇంకా తక్కువే. దానిలోపు వచ్చాక గోడకు చేతులానించి దండీలు, ఆ తర్వాతే సగం బస్కీలు.

తిండిలో కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ చూడండి. 58 కిలోల మనిషికి 70 నుంచి 87 గ్రాములు. పెద్దాయనకి ఆకలి ఉండదు కాబట్టి చారన్నంతో కడుపు నింపకుండా ముందు గుడ్డు, చేప, గట్టి పప్పు, పెరుగు పెట్టి తర్వాత అన్నం పెట్టండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే పరగడుపున వ్యాయామం వద్దు. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, మాట్లాడలేనంత ఆయాసం, వీటిలో ఏది వచ్చినా ఆపేసి డాక్టరుకి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఆర్నెల్లు గ్యాప్ వచ్చింది. ఒక "కోర్సు" వేసుకుంటే రెండు నెలల్లో పాత బాడీ వచ్చేస్తుందని ట్రైనర్ అంటున్నాడు. వయసు 23.
(నిజామాబాద్)

జవాబు: వద్దు. జిమ్‌లో "కోర్సు" అంటే స్టెరాయిడ్లు, ఎక్కువగా టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) ఇంజెక్షన్లు. ఆర్నెల్ల గ్యాప్‌కి రెండు మూడు నెలల్లో కండ తనంతట తానే వస్తుంది, ఆ వచ్చేదాన్ని మీ ట్రైనర్ తన ఇంజెక్షన్ ఖాతాలో వేసుకుంటాడు. బయటినుంచి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే ఒళ్లు సొంతంగా తయారుచేయడం మానేస్తుంది. వృషణాలు చిక్కిపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి, కోర్సు ఆపాక అవి కోలుకోవడానికి నెలలు, కొందరికి ఏళ్లు పడుతుంది. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, గుండె గోడ మందమవుతుంది. పైగా కరీంనగర్ పాఠకుడికి చెప్పిన టెండన్ గొడవ ఇంకా ఎక్కువవుతుంది.

"ఎనర్జీ కోసం" అని ఇచ్చే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్ ఇంకా ఘోరం. అది ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చాక బీపీ పడిపోతే లేపడానికి డాక్టర్లు వాడే మందు. జిమ్ మారండి.

ప్రశ్న: చికున్‌గున్యా వచ్చి రెండు నెలలైంది. జ్వరం లేదు, వేళ్లు, మణికట్లు, మడమలు పొద్దున్నే బిగుసుకుంటున్నాయి. జిమ్ మొదలుపెట్టొచ్చా?
(ఏలూరు)

జవాబు: కీలు వాచి, ముట్టుకుంటే వెచ్చగా ఉన్న రోజుల్లో దాని మీద బరువు వద్దు. వాపు లేకుండా బిగుసుకోవడం మాత్రమే ఉంటే గోరువెచ్చని నీళ్లలో చేతులు పదినిమిషాలు ఆడించి, మధ్యాహ్నం దాటాక తేలికగా చేసుకోండి. బార్ పట్టుకోవడం కష్టమైతే లెగ్ ప్రెస్, లెగ్ కర్ల్, పెక్ డెక్ లాంటి, గట్టిగా పట్టు అక్కర్లేని మిషన్లు వాడండి. నొప్పులు మూడు నెలలు దాటినా తగ్గకపోతే రుమటాలజిస్టుని (కీళ్లవాతపు డాక్టర్ని) కలవండి, కొందరికి ఇది కీళ్లవాతంలా నిలిచిపోతుంది.

ప్రశ్న: మళ్లీ మొదలుపెట్టి క్రియాటిన్ రోజూ 5 గ్రాములు వాడుతున్నాను. ఆఫీసు హెల్త్ చెకప్‌లో క్రియాటినిన్ 1.4 వచ్చింది. కిడ్నీ పాడైందా?
(బెంగళూరు)

జవాబు: ఆ ఒక్క అంకెతో చెప్పలేం. క్రియాటిన్ (బలం కోసం జిమ్ వాళ్లు వాడే పౌడర్) ఒంట్లో విరిగితే వచ్చేదే క్రియాటినిన్, కాబట్టి వాడేవాళ్లకి అది కాస్త ఎక్కువగా చూపిస్తుంది. ముందురోజు గట్టిగా లెగ్స్ చేసినా, రాత్రి మటన్ తిన్నా పెరుగుతుంది. రెండు మూడు వారాలు క్రియాటిన్ ఆపి, పరీక్షకు ముందు రెండు రోజులు జిమ్ మానేసి మళ్లీ చేయించండి. దానితో పాటు సిస్టాటిన్ సీ (కిడ్నీ పనితీరుకి ఇంకో రక్తపరీక్ష), మూత్రంలో ఆల్బుమిన్ కూడా చూడమనండి, కండకీ క్రియాటిన్‌కీ వాటి మీద ప్రభావం తక్కువ. అవి బాగుంటే, బీపీ మామూలుగా ఉంటే, డాక్టరు సరేనంటే మళ్లీ వాడుకోవచ్చు. 3 గ్రాములు కూడా చాలు.

ప్రశ్న: మస్కట్‌లో కంపెనీ క్యాంపులో ఉంటాను. జిమ్ లేదు, 10 కిలోల డంబెల్స్ జత ఒక్కటే ఉంది. దానితో పాత కండ వస్తుందా?
(ఒక పాఠకుడు, సొంతూరు జగిత్యాల)

జవాబు: చాలావరకు వస్తుంది. బరువు తక్కువైతే రెప్స్ 25, 30 దాకా తీసుకెళ్లి, ఇంకొకటి రెండు మాత్రమే చేయగలననే చోట ఆపాలి. మొదటి మూడు వారాలు మాత్రం అంతదాకా లాగకుండా సగంలో ఆపండి. కాళ్లకి ఒంటికాలి పద్ధతి: వెనక పాదం మంచం అంచు మీద పెట్టి, చేతుల్లో డంబెల్స్‌తో ముందు కాలి మీద కూర్చుని లేవడం. ఛాతీకి, పాదాలు మంచం మీద పెట్టి దండీలు. వీపుకి, ఒక చెయ్యి మంచానికి ఆనించి రెండో చేత్తో రో, పైన రెండు సెకన్లు ఆపి, కిందికి నాలుగు లెక్కలు. బరువు చాలకపోతే భుజాల బ్యాగులో నీళ్ల సీసాలు సర్ది వేసుకోండి, లీటరుకి కిలో. ఎండలో డ్యూటీ చేసి వచ్చిన వెంటనే మొదలుపెట్టకండి. నీళ్లు తాగి, తిని, గంటన్నర ఆగాక చేయండి, లేకపోతే గాజువాక పాఠకుడి పరిస్థితే మీకూ రావచ్చు.